తెగిన వైరుకు పోగుముడి

మల్యాల దాటాక జాన్ కారు రోడ్డు దిగి మక్కచేనులో పడిన సంగతి మీకు తెలుసు. పక్క సీట్లో ఉన్న అత్త ఐలవ్వకు తుంటి ఎముక విరిగిందనీ, భార్య దీవెన తల్లితో పాటు తంగళ్ళపల్లి పుట్టింటికి వెళ్లి మళ్లీ జగిత్యాల గడప తొక్కలేదనీ తెలుసు. లైట్లు వాటంతటవే ఆరిపోయాయని జాన్ చెప్పాడు. చెప్పి ఏం లాభం? జనం పరుగెత్తుకొచ్చేసరికి ఆ లైట్లు చేను మధ్య భేషుగ్గా వెలుగుతున్నాయి. తాగి తోలాడని అక్కడికక్కడే తీర్పయిపోయింది. పెళ్లికి ముందు అతను ఎంత తాగేవాడో అందరికీ తెలుసు గనక, తీర్పు చెప్పడానికి ఎవరూ పెద్దగా కష్టపడలేదు.

మంచం పట్టిన ఐలవ్వ ఇన్నాళ్లూ అల్లుడిని ఒక్క మాట అనలేదు. దీవెన మాత్రం గడువు పెట్టింది. ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దమనుషులు కూర్చుంటారు. తాగలేదని జాన్ నలుగురిలో రుజువు చేస్తే తిరిగి కాపురానికి వస్తుంది, చేయలేకపోతే ఆ పెళ్లి అక్కడితో సరి. జాన్ తన పాత తెల్లకారుతో కోరుట్లలో అక్బర్ షెడ్డు ముందు కూలబడి ఉండగా మనం కిందటి వారం సెలవు తీసుకున్నాం. ఇప్పుడు ఆ ఆదివారం తెల్లవారింది.

అక్బర్ ఆటో ఎలక్ట్రీషియన్. పనితనానికి పేరుంది, కోపానికి అంతకంటే పెద్ద పేరుంది. ఈ కారు అతని చేతికి రావడం ఇది మొదటిసారి కాదు. ప్రమాదానికి ముందు కూడా జాన్ తెచ్చాడు. బ్రేకు తొక్కితే వైపరు ఒకసారి ఉలిక్కిపడుతోంది. హారన్ కొడితే డీజిల్ ముల్లు లేచి కూర్చుంటోంది. ఇండికేటరు వేస్తే ముందు లైట్లు ఆముదం దీపాలవుతున్నాయి. అప్పుడు అక్బర్ ఫ్యూజులు మార్చాడు, లైట్ల స్విచ్చి మార్చాడు, చివరికి ముసలి కారు ఇలాగే ఉంటుంది పొమ్మని పంపేశాడు. అలా పంపినందుకు ఇప్పుడు అతనికి సిగ్గుగా ఉంది. సిగ్గుపడ్డప్పుడల్లా ఎదుటివాళ్ల మీద కోప్పడటం అతనికి అలవాటు.

అందుకే ఆ ఉదయం జాన్‌కు తిట్లు పడ్డాయి. జగిత్యాల టాక్సీ స్టాండులో జాన్ తోటి డ్రైవర్లు ఈ కారుకు గాలి సోకిందని తేల్చేశారు. లోపల యేసయ్య బొమ్మ అంటించి ఉన్న ఆ కారు ముందుభాగాన ఎవడో పుణ్యాత్ముడు నిమ్మకాయా మిరపకాయలూ కట్టిపోయాడు. అక్బర్ వాటిని తెంపి అవతల పారేశాడు. దేవుళ్లందరికీ పని కల్పించే ముందు మనిషన్నవాడు ఎర్త్ చూసుకోవాలని కసిరాడు.

కరెంటు పోయే దారిని అందరూ చూస్తారు, తిరిగొచ్చే దారిని, అదే ఎర్త్‌ను, ఎవరూ చూడరు. బ్యాటరీలో బయల్దేరిన కరెంటు లైటు వెలిగించి మళ్లీ బ్యాటరీకే చేరాలి. చేరే దారి సరిగా లేదనుకోండి, తిరుగు బస్సు దొరకనివాడు కనబడ్డ ఆటో ఎక్కినట్టు, అది వైపరులోంచీ ముల్లులోంచీ దూరి ఇంటికి పోతుంది. బ్రేకుకు వైపరు కదలడం అందుకే. అక్బర్ బ్యాటరీ నుంచి ఒక పొడుగాటి వైరు లాగి, స్టీరింగు కింద ఇనుప చట్రానికి ఆనించి పట్టుకున్నాడు. జాన్ బ్రేకు తొక్కాడు. వైపరు కదల్లేదు. హారన్ కొట్టాడు. ముల్లు ఉన్నచోటే ఉంది. వైరు తీసేశాక మళ్లీ అన్నీ మొదలయ్యాయి.

అక్బర్ సీటు వెనక్కి జరిపి, వెల్లకిలా పడుకుని స్టీరింగు కిందికి తల దూర్చాడు. అక్కడుండాల్సిన మూత ఏనాడో ఊడిపోయింది. వైర్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. వాటిలో లైట్లకూ మీటర్లకూ కలిపి ఎర్త్ అయిన నల్ల వైరు పట్టుకుని, వేళ్లతో తడుముకుంటూ పైకి పోయాడు. ఒకచోట వేళ్లు ఆగిపోయాయి. తిట్లు కూడా ఆగిపోయాయి. అవి ఆగడం చూసి జాన్‌కు భయం వేసింది.

"జాన్ భాయ్, గిటు అచ్చి చూడు," అన్నాడు అక్బర్ లోపలి నుంచే. "తెగిన వైరును ఎవడన్న మెలేస్తడు. ముడేస్తడా?"

జాన్ టార్చి పట్టుకుని వంగి చూశాడు. నల్ల వైరును ఎవరో కోసేశారు. తర్వాత రెండు కొసల తొక్కా ఊడదీసి, రాగి తీగలను ఒకదాంట్లోంచి ఒకటి దూర్చి చిన్నగా, చదునుగా ముడివేశారు. టేపు చుట్టలేదు. ముడి నడుమ రాగి కాలి నల్లబడి ఉంది. జాన్ టార్చి ఇంకా దగ్గరగా పెట్టి చూశాడు. అక్బర్ మళ్లీ కసిరితే అప్పుడు నోరు విప్పాడు.

"గిది సాంచలు నడిపేటోళ్ల ముడి."

సిరిసిల్ల వైపు మరమగ్గాలను సాంచాలంటారు. సాంచ నడుస్తుండగా పోగు తెగితే, పక్కనున్న మనిషి రెండు కొసలు కలిపి కన్ను మూసి తెరిచేలోపు ముడివేసి వదలాలి. ముడి లావైతే బట్టలో తేలుతుంది, వదులైతే మళ్లీ తెగుతుంది. ఆ ముడి ఒకసారి చేతికి అబ్బితే ఇక చెప్పులకైనా సంచికైనా దాన్నే వేస్తారు. జాన్ అత్తగారింట్లో అందరూ ఆ పనివాళ్లే. బామ్మర్ది జైపాల్ ఇప్పటికీ సాంచాల మీదే ఉన్నాడు. ప్రమాదానికి ముందు దోస్తు పెళ్లికని ఈ కారు అడిగి తీసుకుపోయింది కూడా అతనే.

ఇద్దరికీ ఒకే పేరు తట్టింది. బావను తాగుబోతని పదిమందిలో నిలబెట్టినవాడే ఈ పని చేశాడన్నమాట అని అక్బర్ పళ్లు నూరాడు. కోప్పడటానికి ఒక మనిషి దొరికినందుకు లోలోపల ప్రాణం కుదుటపడింది కూడా. ముడిని విప్పొద్దనీ, సోల్డరు పెట్టొద్దనీ, ఉన్నది ఉన్నట్టు తీసుకుపోయి పెద్దమనుషుల ముందే చూపిద్దామనీ అన్నాడు. షెడ్డుకు తాళం వేసి తనే పక్క సీట్లో కూర్చున్నాడు.

కథలాపూర్ మీదుగా వేములవాడ, అక్కడినుంచి సిరిసిల్ల, ఆ పక్కనే తంగళ్ళపల్లి. పట్టపగలు గనక లైట్ల అవసరం రాలేదు. దారంతా అక్బరే మాట్లాడాడు. జైపాల్‌ను ఎలా నిలదీయాలో, ఏ ప్రశ్న ముందు అడగాలో, ఏది తర్వాత అడగాలో జాన్‌కు పాఠం చెప్పాడు. జాన్ తలూపుతూ ఉన్నాడు గానీ గెలవబోయేవాడి ముఖంలా లేదు అతనిది. అది భయమనుకున్నాడు అక్బర్. కాపురం పోతుందేమోనన్న భయం ఎంత పెద్దదో అతనికి తెలుసు గనక ఇంకేమీ అడగలేదు.

తంగళ్ళపల్లిలో జైపాల్ ఇల్లు చిన్న స్లాబు ఇల్లు. ఆదివారమైనా పక్క షెడ్డులో సాంచాలు ఆగలేదు, వాటి చప్పుడు మీద గొంతు పెంచి మాట్లాడటం ఆ వాడకట్టులో అందరికీ అలవాటే. ముందు గదిలో గడప పక్కనే ఐలవ్వ మంచం. వాకిట్లో రేకుల నీడన ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పెద్దమనిషిగా కనకయ్య కూర్చున్నాడు. చర్చి సంఘంలో పెద్ద, ఒకప్పుడు సాంచాలు నడిపిన మనిషే, ఐలవ్వ పెనిమిటికి వరసకు అన్న. దీవెన బయటికి రాలేదు. లోపలి గది గుమ్మానికి వేలాడే పరదా అంచును ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

వాకిట్లోనే ఉన్న జైపాల్‌కు జాన్ ఎదురుగా పోయి నమస్తే పెట్టాడు. జైపాల్ తిరిగి పెట్టలేదు. మెకానిక్‌ను వెంటబెట్టుకుని రావడమేమిటి, సాక్షినా వకీలా అని దెప్పాడు. అక్బర్ అతనికి జవాబివ్వకుండా నేరుగా కనకయ్య దగ్గరికి పోయి, ఒక్కసారి కార్లో కూర్చోమని మర్యాదగా అడిగాడు. అతను అంత మర్యాదగా మాట్లాడటం చూస్తే కోరుట్ల జనం ముక్కున వేలేసుకునేవారు.

కనకయ్య డ్రైవరు సీట్లో కూర్చుని లైట్లు వేశాడు. రేకుల నీడలో ఉన్న గోడ మీద రెండు గుండ్రటి వెలుగులు పడ్డాయి. అక్బర్ వంగి, స్టీరింగు కింద నల్ల వైరును ఒక్క వేలితో కదిపాడు. వెలుగులు పోయాయి. మళ్లీ కదిపాడు. వచ్చాయి. తర్వాత కనకయ్య వేలినే పట్టుకుని అక్కడ పెట్టించాడు. ముసలాయన తనంతట తను కదిపి చూశాడు, పోయాయి, వచ్చాయి. మూడోసారి కదిపాక కారు దిగి, అందరూ వినేటట్టు చెప్పాడు.

"జాన్ అబద్ధం చెప్పలె. గీ లైట్లు ఆరుతున్నయి."

వాకిట్లో గుసగుసలు లేచాయి. పరదా అంచు కదిలింది. జాన్ తల దించుకునే ఉన్నాడు. జైపాల్ ఒక్క అంగలో కారు దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు. షెడ్డు వాళ్లది, కారు వాళ్లది, వైరు కోసి ముడేసుకుని రావడానికి ఎంతసేపు పడుతుంది, తల్లి మంచంలో పడి ఉంటే ఇక్కడ గారడీ చూపిస్తున్నారా అని అరిచాడు. అతని బాధ అబద్ధం కాదు. తల్లిని ఎత్తి కూర్చోబెట్టేది, పడుకోబెట్టేది రోజూ అతనే.

ఇక అక్బర్ మర్యాద అక్కడితో అయిపోయింది. కట్టరు తీసి, ముడికి అటూ ఇటూ బెత్తెడు వైరు ఉండేటట్టు కత్తిరించి తెచ్చి కనకయ్య అరచేతిలో పెట్టాడు.

"పెద్దమనిషీ, మీరు సాంచలు నడిపిన్రట. గీ ముడి మా కోరుట్లల ఏ మెకానిక్‌కన్న అస్తదా? మీరే చెప్పున్రి."

కనకయ్య అద్దాలు పెట్టుకుని ముడిని వెలుతురుకు ఎత్తాడు. తిప్పి చూశాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. చివరికి ఇది మనవాళ్ల ముడేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే జైపాల్ వైపు చూశాడు. ఆయన చూస్తే అందరూ చూశారు. కారు తీసుకుపోయింది నువ్వే కదా అని వెనక నుంచి ఎవరో అన్నారు.

జైపాల్ ఆ గొంతు వైపు తిరిగాడు. కారు తీసుకుపోయిన మాట నిజమే, వైరు ముట్టలేదు, ముట్టాల్సిన పనేముంది అన్నాడు. పక్క షెడ్డులోకి పోయి దారం తెచ్చి, తెంపి, అందరి ముందు ముడివేశాడు. నా ముడి ఇదీ, ఆ ముడితో పోల్చి చూడండి అన్నాడు. కనకయ్య రెంటినీ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకేలా ఉన్నాయి, ఒకేలా లేవు. తేడా ఎక్కడుందో ఆయన కళ్లకు అందలేదు.

"ఇటు తెండ్రి," అంది ఐలవ్వ మంచం మీంచి. "నాకియ్యుండ్రి."

ఐలవ్వ కళ్లకు పొరలు కమ్మి చాలాకాలమైంది. ఆ రోజు జాన్ ఆమెను జగిత్యాలకు తీసుకుపోతున్నది కంటి ఆపరేషను కోసమే. ఆమెకు వెలుగూ చీకటీ తెలుస్తాయి, మనుషుల ఆకారాలు తెలుస్తాయి, దారంలాంటివి కనబడవు. కానీ బతుకంతా కండెలకు నూలు చుట్టి, తెగిన పోగులు అతికిన చేతులు అవి. కనకయ్య లోపలికి పోయి ముందు దారపు ముడి ఇచ్చాడు. ఆమె బొటనవేలు ఒకసారి దాని మీద తిరిగింది. ఇది జైపాల్‌ది అని పక్కన పెట్టేసింది.

తర్వాత వైరు తీసుకుంది. బొటనవేలు ముడి మీద తిరిగి, ఆగి, వెనక్కి వచ్చింది. మళ్లీ తిరిగింది. ముడి తిరగబడి ఉంది. కుడిచేతివాళ్లు వేస్తే ముడి తోక ఒకవైపు పోతుంది, దీని తోక రెండోవైపు పోయింది. ఆ ఇంట్లో ఎడమచేత్తో పోగు అతికే మనిషి ఒక్కతే. చిన్నప్పుడు కుడిచెయ్యికి మార్చాలని ఐలవ్వ ఎంత కొట్టినా మారక, చివరికి తల్లే ఓడిపోయి ఎడమచేత్తోనే నేర్పింది. ఐలవ్వ ముఖం పరదా వైపు తిరగబోయి ఆగిపోయింది. ముసలామె వైరును గుప్పిట్లో మూసేసింది.

"ఎవ్వరిని అనకుండ్రి," అంది. "నేనే ఏసిన."

ముందు సీట్లో కూర్చుంటే ఏదో వైరు కాళ్లకు తగిలిందనీ, చిరాకేసి లాగితే తెగిందనీ, అల్లుడు తిడతాడేమోనని చేతికి వచ్చిన ముడి వేసి ఊరుకున్నాననీ ఐలవ్వ చెప్పింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కళ్లు కనబడని ముసలామె, కదిలే కార్లో, డ్రైవరు కాళ్ల దగ్గరి వైరును ఎలా పట్టుకుంది అని అడగాల్సినవాడు ఒక్కడూ అడగలేదు. తప్పు ఎవరిదో ఒకరిది కావాలి, అది మంచంలో ఉన్న మనిషి తనంతట తను నెత్తిన వేసుకుంటే అందరికీ సుఖమే కదా.

అక్బర్‌కు మాత్రం అబద్ధమని తెలుసు. వైపరు ఉలిక్కిపడుతోందని జాన్ షెడ్డుకు వచ్చింది ఐలవ్వ ఆ కారు ఎక్కడానికి ముందే. వైరు అప్పటికే కోసి ఉంది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు. జాన్ అతని మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. జాన్ కళ్లు పరదా అంచున ఉన్న ఎడమచేతి మీద ఉన్నాయి. అప్పుడు అక్బర్‌కు కూడా అర్థమైంది. పొద్దున్నుంచి తను తిట్టిన తిట్లన్నీ తప్పు మనిషికి చేరాయని తెలిసి అతను జైపాల్ ముఖం చూడలేకపోయాడు.

కనకయ్య ఊపిరి పీల్చుకుని తీర్పు మొదలుపెట్టాడు. కావాలని చేసినవాళ్లు ఎవరూ లేరు, ముసలామెకు తెలియక జరిగింది, జాన్ మీద పడ్డ నింద తప్పు, అన్నవాళ్లు ఆ మాట వెనక్కి తీసుకోవాలి, దీవెన సంతోషంగా కాపురానికి పోవాలి. చిన్న ప్రార్థన చేసుకుని లేద్దామని కళ్లు కూడా మూశాడు. జాన్‌కు కావలసిందల్లా దొరికింది. ఇంకో నిమిషం అందరూ నోరు మూసుకుని ఉంటే చాలు.

పరదా పక్కకు పోయింది. దీవెన నడుచుకుంటూ వచ్చి తల్లి మంచం పక్కన నిలబడింది. గుప్పిట విప్పి ఆ వైరు ముక్కను తీసుకుంది.

"అవ్వ ఏసింది కాదు, పెద్దబాపు. నేనేసిన. కోసింది గూడ నేనే."

ఐలవ్వ కూతురి కొంగు పట్టి లాగింది. దీవెన విడిపించుకుంది. ఇక ఆగకుండా చెప్పింది. ఒక సాయంత్రం జాన్ కోరుట్లకు కిరాయి ఉందని బయల్దేరుతుంటే అతని దగ్గర వాసన వచ్చింది. తాగావా అంటే లేదన్నాడు. బైబిలు మీద చెయ్యి పెట్టి లేదన్నాడు. ఆమె నమ్మలేదు. అతను స్నానానికి పోయినప్పుడు పోగులు కత్తిరించే చిన్న కత్తెర తీసుకుపోయి, బండి కదలకుండా చేద్దామని, స్టీరింగు కింద చేతికి అందిన వైరు కోసేసింది. బండి కదిలింది. అతను వెళ్లి వచ్చి లైట్లు ఏదోలా ఉన్నాయన్నాడు. ఆమెకు రాత్రంతా భయంతో నిద్రపట్టలేదు. తెల్లవారి అతను లేవకముందే పోయి ముడివేసింది.

"తెగిన పోగు ముడేస్తె సాంచ నడుస్తది గద. గట్లనే అనుకున్న. వైరుకు ముడేస్తె నడవదని నాకు ఎర్కలేదు."

ఎందుకు నడవదో అక్బర్‌కు తెలుసు. పోగుకు కావాల్సింది బిగువు, వైరుకు కావాల్సింది ఒళ్లంతా తాకడం. ముడిలో రాగికి రాగి తాకేది ఎక్కడో ఒక్కచోట. అక్కడే వేడెక్కి, కాలి, ఒక్క కుదుపుకు ఊడిపోయేంత అయింది. నేర్చుకున్న పని మీద నమ్మకంతో చేసిన తప్పును ఎవరు మాత్రం ఏమని తిడతారు? తిట్టడానికే పుట్టిన అక్బర్ కూడా తిట్టలేకపోయాడు.

జైపాల్ అక్కను చూస్తూ నిలబడిపోయాడు. చేతిలో ఇంకా ఆ దారం ముక్క ఉంది. దీవెన జాన్ వైపు తిరిగింది. పెళ్లయినప్పటి నుంచి నలుగురిలో ఆమె అతని ముఖం చూసి మాట్లాడటం ఇదే మొదలు. ఆమె ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే చూసేవాళ్లకు కొంచెం తేలికయ్యేది.

"మా అవ్వ కాలు ఇరగ్గొట్టింది నేను. లేని తాగుడు నీకు అంటగట్టింది నేను. పది మందిల నిన్ను నిలవెట్టిన. ఇగ నా ముక్కును నేనే నమ్మ. నన్ను తోలుకపోతవో ఇక్కడ్నే ఇడిసిపెడ్తవో నీ ఇష్టం."

ఇప్పటిదాకా బోనులో నిలబడ్డవాడు ఒక్కసారిగా జడ్జి కుర్చీలో పడ్డాడు. కనకయ్య అతని వైపే చూస్తున్నాడు. భార్య కళ్ల ముందు తల వంచుకుని ఉంది, ఊరి నింద పోయింది, లైట్లు ఆరడం పదిమందీ చూశారు. పోదాం పద అని ఒక్క మాట అంటే చాలు, జాన్ గొప్పవాడైపోతాడు. క్షమించిన మొగుడని చర్చిలో పది కాలాలు చెప్పుకుంటారు. జాన్ పెదాలు ఆ మాట కోసం కదిలాయి కూడా. కానీ ఆమె ఇక తన ముక్కును తానే నమ్మనంది. ఆ మాట అతని లోపల ఎక్కడో దిగబడింది. ఈ అబద్ధంతో ఆమెను ఇంటికి తీసుకుపోతే, రేపటి నుంచి ఆమె తన కళ్లనూ చెవులనూ కూడా నమ్మదు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నీ ముక్కు అబద్ధం చెప్పలె, దీవెనా," అన్నాడు. "లైట్లు ఆరినయి, గది నిజం. నేను తాగింది గూడ నిజమే. నువ్వు వైరు కోసిన పొద్దు తాగిన. అత్తను తీస్కపోయిన పొద్దు గూడ తాగిన."

దీవెన చేతిలోని వైరు ముక్క కింద పడింది. తర్వాత జైపాల్ కదిలాడు. బావ కాలరు రెండు చేతులతో పట్టుకుని కారుకేసి నెట్టాడు. అడ్డం పోవాల్సిన అక్బర్ అడ్డం పోలేదు. జాన్ కోసం షెడ్డు మూసుకుని ఇంతదూరం వచ్చినవాడు, మోసపోయినవాడిలా దూరంగా జరిగి నిలబడ్డాడు.

ఐలవ్వ కేక సాంచాల చప్పుడు మీదుగా వినబడింది. తుంటి విరిగిన మనిషి మోచేతి మీద సగం లేచి ఉంది. కొడుకును చెయ్యి తియ్యమంది. అల్లుడిని లోపలికి రమ్మంది. మిగతా అందరూ బయటే ఉండాలంది. దీవెన మంచం పక్కనుంచి కదలకపోతే, బిడ్డా నువ్వు కూడా అంది. ఆమె గొంతులో ఏముందో గానీ, కనకయ్య అంతటి మనిషే దీవెన భుజం పట్టుకుని వాకిట్లోకి నడిపించాడు.

తలుపు మూసి గొళ్ళెం పెట్టమంది ఐలవ్వ. జాన్ పెట్టాడు. గదిలో మసక చీకటి. అతను మంచం కాళ్ల దగ్గర నేల మీద కూలబడి, తిట్లకో శాపానికో సిద్ధపడి తల వంచాడు. ఐలవ్వ తిట్టలేదు. తలుపు అవతల కూతురు చెవి పెట్టి ఉంటుందని ఆమెకు తెలుసేమో, గొంతు బాగా తగ్గించింది.

"నాకు మసక కండ్లే గని, ఎలుగు చీకటి తెలుస్తయి అల్లుడా. ఇన్ని దినాలు ఎవ్వలకు చెప్పలె. నా బిడ్డ తన ముడితోనే నా కాలు ఇరిగిందనుకుంటున్నది. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా? కారు రోడ్డు దిగినంకనే గద, లైట్లు ఆరింది."